ఆపరేషన్ ఆవులింత

తాళం ముందు గడియను చూశాడు. శవాన్ని తర్వాత చూశాడు.

వృత్తి అలాంటిది మరి. ఇరవయ్యేళ్ళుగా గూఢచారి శాఖలో అతను చేసిన పనల్లా మూసి ఉన్న తలుపులు తెరవడమే. ఇనప్పెట్టెలు, రాయబార కార్యాలయాలు, ఒకసారైతే పరిగెడుతున్న రైలుపెట్టె. అందుకే డిపార్ట్‌మెంట్‌లో అతన్ని అందరూ తాళం అంటారు. అసలు పేరు ఇంట్లోవాళ్ళకు తప్ప ఇంకెవరికీ గుర్తులేదు.

సర్కారు మొక్కల ల్యాబ్‌లో విత్తనాల కోల్డ్ రూమ్ తలుపుకి లోపలివైపు ఎర్ర పిడి ఒకటుండాలి. పొరపాటున లోపల చిక్కుకున్న మనిషి దాన్ని నెడితే తలుపు తెరుచుకుంటుంది. ఆ పిడి లేదు. మరలు ఊడదీసిన చోట ఇనుము కొత్తగా మెరుస్తోంది.

“గుండె ఆగిపోయిందండీ, పాపం,” అన్నాడు వెనకనుంచి సెక్యూరిటీ ఆఫీసరు.

“మరి ఈ మరలకేమైంది? వీటికీ గుండె ఆగిందా?”

తాళం ఆఫీసర్ని బయటికి పంపి అరల మధ్యకు నడిచాడు.

బావ నేల మీద మోకాళ్ళు ముడుచుకుని, చేతులు చంకల్లో దాచుకుని కూర్చుని ఉన్నాడు. కనురెప్పల మీద మంచు పట్టింది. మొక్కల జీన్స్ గురించి దేశంలో ఇంతటివాడు మరొకడు లేడని పేపర్లు రాసిన మనిషి. తాళం సొంత అక్క మొగుడు. పెళ్ళయిన కొత్తలో బావమరిదికి సైకిల్ తొక్కడం నేర్పి, వాడు మురిక్కాలవలో పడితే వాడికంటే ముందు తనే ఏడుపు మొహం పెట్టినవాడు. తాళం వంగి ఆ రెప్పల మీది మంచును బొటనవేలితో తుడిచాడు. డ్యూటీలో అలాంటివి చేయకూడదు. చేశాడు.

ల్యాబ్ వెనక అంబులెన్స్ ఒకటి ఆగి ఉంది. అందులో రోగులెవరూ లేరు. బుగ్గన లవంగం పెట్టుకుని, ముక్కు చివర కళ్ళద్దాలతో పెద్దాయన కూర్చున్నాడు. డిపార్ట్‌మెంట్‌కి చీఫ్. ఓదార్పు మాటలు రాని మనిషి, అందుకని వాటి జోలికి పోలేదు.

“తలుపేసుకో. కాటా ముఠా పేరు విన్నావుగా?”

వినకపోవడమేం. పరాయి దేశం ముఠా. బాంబులు వెయ్యరు, తుపాకులమ్మరు. ఒక దేశంలో పంట పోయేట్టు చేస్తారు. జనం కడుపు మాడ్చుకుని రోడ్డెక్కాక, వాళ్ళ గిడ్డంగుల్లోని ధాన్యాన్ని కాటాలో వేసి, వాళ్ళు చెప్పిందే రేటుగా అమ్ముతారు.

“ఈసారి మన మీద పడ్డారు,” అన్నాడు పెద్దాయన. “ఆకు అడుగున కంటికి కనపడని నోళ్ళుంటాయట. ఎండ ముదిరితే అవి మూసుకుని లోపలి నీటిని కాపాడతాయి. మీ బావ ఒక జీన్ పట్టుకున్నాడు. దాని పేరు ఆవులింత. అదున్న మొక్క నోరు మూయదు. చూడ్డానికి ఏపుగా, పచ్చగా, ముద్దొస్తుంటుంది. వడగాలి ఒక్క పూట కొట్టిందా, చేనంతా మాడి మసి.”

“ఆ విత్తనం ఎక్కడుంది?”

“లారీల్లో. సాయంత్రానికి దేశమంతా బయల్దేరుతుంది. ఫారం మేనేజరు ముఠా డబ్బు తిని, దాన్ని ఎకరాలకెకరాలు పండించాడు. పోయిన వారం వాడి కారు చెట్టుకి గుద్దుకుంది. వాళ్ళ పని అయిపోయినవాళ్ళందరికీ ఏదో ఒకటి గుద్దుకుంటుంది.”

“మంచి విత్తనమో?”

“అదే గోడౌన్‌లో ఉంది. పెయింటుతో రాసి ఉంటుంది డ్రమ్ముల మీద. ‘ఆవులింత ఉంది’ అన్నవి లారీలెక్కాయి. ‘ఆవులింత లేదు’ అన్నవి లోపలే ఉండిపోయాయి. నువ్వెళ్ళి లారీల్లో గింజని చంపాలి. తర్వాత లోపలి డ్రమ్ములు ఎక్కించి పంపాలి.”

“లారీలు ఆపేస్తే పోలా?”

“ఆపితే అదను పోతుంది. దించితే హమాలీల్లో ఉన్న వాళ్ళ మనుషులు మళ్ళీ ఎక్కిస్తారు. గింజ చావాలి. అంతే.”

పెద్దాయన ఒక పెన్ను తీసి చేతిలో పెట్టాడు. గ్యాస్ గుళికలు లారీల్లో సర్దాక పెన్నుని ఒకసారి నొక్కితే ఎర్ర చుక్క వెలుగుతుంది. రెండోసారి నొక్కితే గుళికలు పగులుతాయి, గింజలోని మొలక అక్కడికక్కడే చస్తుంది. పెన్ను మూతలో మైక్రోఫిల్మ్ చదివే చిన్న మైక్రోస్కోప్ కూడా ఉంది.

“ఈ సమాచారం ఎవరిచ్చారు సార్?”

“తుమ్మెద. మూడేళ్ళుగా ముఠాలో మన మనిషి. గోడౌన్‌లో సేల్స్ కన్సల్టెంటుగా ఉంటోంది.” పెద్దాయన లవంగాన్ని ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకి మార్చాడు. “ఇంకొకటి చెప్పాలి నీకు. విషం ఏ డ్రమ్ముల్లో ఉందో ముఠాకి చూపించింది మీ బావే. స్వయంగా. వేలు పెట్టి.”

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇంటల్లుడే దొంగయితే ఇక చెప్పేదేముంది? ఇందాక రెప్పల మీది మంచు తుడిచిన బొటనవేలు ఇంకా చల్లగానే ఉంది. తాళం దాన్ని ప్యాంటుకి రుద్దుకున్నాడు.

“ముందు మీ అక్క దగ్గరికెళ్ళు. ఆవిడతో ఏమన్నా వాగాడేమో కనుక్కో. ఆవిడకి పెన్షన్ రావాలో, చుట్టుపక్కలవాళ్ళ ఉమ్ములు పడాలో నీ రిపోర్టుని బట్టే ఉంటుంది.”

అక్క ఇల్లు మెట్ల పక్కన మొదటి వాటా. తలుపు బార్లా తీసి ఉంది. ఆస్పత్రి నర్సు యూనిఫాం కూడా మార్చుకోకుండా అక్క గుమ్మానికెదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

“తలుపు తీసి పెట్టుకున్నావేంటక్కా? ఎవడైనా దూరితే?”

“రాత్రి నుంచీ ఇలాగే ఉంది. గడియ వెయ్యడం ఆయన పని కదరా. డ్యూటీ నుంచి నేనెప్పుడొచ్చినా, నా వెనకాల గడియ వేసేది ఆయనే.”

తాళం ఎదురుగా నేల మీద చతికిలబడ్డాడు. ముద్దాయిల నోళ్ళు విప్పించడంలో ఆరితేరినవాడు, అక్కని ఒక్క ప్రశ్న అడగడానికి పది రకాలుగా నోరు సవరించుకున్నాడు.

“బావ ఈ మధ్య ఎవరితోనైనా… అంటే, కొత్తవాళ్ళెవరన్నా…”

“సూటిగా అడుగు. ఆయన అమ్ముడుపోయాడని చెప్పారా మీవాళ్ళు?”

తాళం తల దించుకున్నాడు.

“మీ బావకి అబద్ధం చెప్పడం చేతకాదురా. పేకాటలో జోకరొస్తే చెవులు ఎర్రబడేవి. నా పుట్టినరోజుకి చీర కొని దాచలేక, తెచ్చిన పూటే నా ఒళ్ళో పడేసేవాడు. అలాంటివాడు దేశాన్ని అమ్మితే నాకు తెలియకుండా ఉంటుందా?” ఏడుపు రాకుండా ఆమె నోటికొచ్చిన మాటల్లా మాట్లాడుతోంది. “ఆ ఆకు నోళ్ళ పిచ్చి ఒకటి. ఆస్పత్రి నుంచి గ్లవ్స్ తెమ్మనేవాడు. వేళ్ళు రెండు కత్తిరించి, ఒక్కో వేలికి ఒక పక్కనే ప్లాస్టర్ అంటించి, ప్లాస్టర్లు ఎదురెదురుగా ఉండేట్టు పక్కపక్కన పెట్టి గాలి ఊదేవాడు. ప్లాస్టర్ ఉన్న పక్క సాగదు కదా, రెండూ విల్లులా వంగి మధ్యలో సందు పడేది. గాలి తీస్తే తిన్నగా అయ్యి సందు మూసుకునేది. ‘ఇదేనోయ్ ఆకు నోరు’ అనేవాడు. రెండు కణాలు, చిక్కుడు గింజల్లా. ఏ పక్క గోడ మందంగా కట్టాలో, పీపాకి పట్టీ వేసినట్టు నారలు ఎలా చుట్టాలో ఆ కణానికి చెప్పేది జీనే. అది చెప్పకపోతే కణం వంకరగా పుట్టి అలాగే బిగుసుకుపోతుంది. గాలి తీసినా మూసుకోదు.”

“అక్కా…”

“చెప్పనీరా. ఇంట్లో నా నెయిల్ పాలిష్ ఒక్క సీసా మిగలనిచ్చేవాడు కాదు. రంగులేనిది ఎక్కడ కనపడితే అక్కడ కొనేవాడు. ఆకు అడుగున పూసి, ఆరాక పొర ఊడదీస్తే, ఆ నోళ్ళన్నీ పొర మీద అచ్చు పడతాయట. మైక్రోస్కోప్ కింద పెట్టుకుని చూసేవాళ్ళు. అందరూ మీసాలున్న మగాళ్ళే. ల్యాబ్ నిండా నెయిల్ పాలిష్ వాసన!”

ఆమె నవ్వబోయింది. నవ్వు సగంలోనే కన్నీళ్ళలోకి జారిపోయింది. తాళం లేచి మంచినీళ్ళు తెచ్చాడు.

“నాకు పేరు కూడా పెట్టాడు తెలుసా? మాడిన గిన్నె.”

“అదేం పేరు?”

“వాళ్ళ పద్ధతి అంతేనట. జీన్ చేసే పని చూసి పేరు పెట్టరు. అది లేకపోతే ఏం పాడవుతుందో చూసి పెడతారు. నేను నైట్ డ్యూటీకెళ్తే ఇంట్లో పాలగిన్నె మాడిపోయేది. అందుకని నేను మాడిన గిన్నె! మరి నీ పేరేంటయ్యా అంటే, ‘నేను లేనప్పుడు చూసి పెట్టు’ అనేవాడు. ఏనాడైనా ఇల్లు కదిలితే కదా మహానుభావుడు, పేరు పెట్టడానికి.”

తాళం ఆ మాటలు విన్నాడు. విన్నాడంతే. దుఃఖంలో ఉన్న మనిషి పాత ముచ్చట్లు తవ్వుకోవడం సహజమే అనుకున్నాడు. అతని మనసంతా ఒక్క మాట చుట్టూనే తిరుగుతోంది. స్వయంగా. వేలు పెట్టి. అక్క భుజం తట్టి, తలుపు తీసి ఉండగానే బయటపడ్డాడు.

గోడౌన్ ఆవరణలో ఎండ నిప్పులు చెరుగుతోంది. లారీలు వరసగా, టార్పాలిన్లు బిగించుకుని, గేటు వైపు మొహాలు పెట్టి నిలబడ్డాయి. పురుగుమందు ఇన్స్‌పెక్టరు వేషంలో, మొహానికి మాస్కు, కాళ్ళకి గమ్‌బూట్లు తొడుక్కుని తాళం ఒక్కో లారీ ఎక్కి దిగాడు. అన్ని డ్రమ్ముల మీదా ఒకటే రాత, పచ్చ పెయింటుతో: ఆవులింత ఉంది. మూతలకి సర్కారు సీళ్ళు. ఆ అక్షరాలు బావవే. ఉకారం కొమ్ము మరీ పైకి లాగి రాస్తాడు. దాన్ని చూసినప్పుడల్లా తాళం చూపు పక్కకి తిప్పుకున్నాడు. డ్రమ్ముల సందుల్లో గుళికలు సర్దేశాడు.

గేటు పక్కన నీడలేని అరుగు మీద మొలకల ట్రేలు రెండున్నాయి, ఒకదానికి ‘ఆవులింత ఉంది’, రెండోదానికి ‘ఆవులింత లేదు’ అని చీటీలతో. ఏ విత్తనం బయటికి పోవాలన్నా ముందు గుప్పెడు గింజలు మొలకెత్తించి చూపించడం గోడౌన్ రివాజు. ఒక ట్రేలో మొక్కలు బెత్తెడున్నాయి. రెండో ట్రేలో జానెడు లేచి, కళ్ళు చెదిరే పచ్చదనంతో ఊగుతున్నాయి.

“ఈ మొక్కకి నీళ్ళు పోశారా?” అన్నదొక గొంతు.

“వేళ్ళు కుళ్ళుతాయని మానేశాను,” అన్నాడు తాళం.

కోడ్ మాటలు కుదిరాయి. తుమ్మెద అతని పక్కకొచ్చి నిలబడింది. తెల్లకోటు, నల్ల కళ్ళద్దాలు, చేతిలో తోలు బ్యాగు. గోళ్ళకి ముదురెరుపు రంగు. అంత ఎండలోనూ చెమట పట్టని మొహం. హమాలీలు బస్తాల కింద నుంచి కూడా మెడ తిప్పి చూస్తున్నారు. డబుల్ ఏజెంటుకి ఆ మాత్రం అందం ఆయుధమే మరి.

“మీ బావగారి సంగతి విన్నాను. సారీ.”

“ఆయన నాకేమీ కాడు,” అన్నాడు తాళం. ఆ మాట నోట్లోంచి వచ్చాక నాలుక చేదెక్కింది.

“గుళికలు?”

“పెట్టేశాను. డ్రైవర్లు దిగాక నొక్కుతాను.”

“దిగరు. ఇంకాసేపట్లో గేటు తీస్తారు. గ్యాస్ క్యాబిన్‌లోకి రాదుగా, నొక్కేయండి. లోపలి డ్రమ్ములకి వేరే లారీలు వెనక గేటు దగ్గర సిద్ధంగా ఉన్నాయి.”

“ఈ డ్రమ్ములేనని మీకు నమ్మకమేనా?”

“నన్నడిగితే నేనేం చెప్తాను? మొక్కల గురించి నాకు ఓనమాలు తెలియవు. అమ్మకాల మనిషిని. ‘ఆవులింత ఉంది’ అని అంత లావు అక్షరాలతో రాసి ఉంటే ఇంక అనుమానమెందుకు?”

నిజమే. అనుమానమెందుకు? తాళం పెన్ను తీసి ఒకసారి నొక్కాడు. ఎర్ర చుక్క వెలిగింది.

అప్పుడే మొదటి లారీ ఇంజన్ స్టార్టయింది. పొగకి తుమ్మెద దగ్గి, బ్యాగులోంచి రుమాలు లాగింది. రుమాలుతో పాటు చిన్న సీసా ఒకటి జారి అరుగు మీద పడి దొర్లింది. తాళం అసంకల్పితంగా దాన్ని పట్టుకున్నాడు.

నెయిల్ పాలిష్. రంగులేనిది.

సగం అయిపోయి ఉంది. మూత కింద, కుంచె పక్కన, సన్నటి ఆకు పెచ్చు ఒకటి ఎండి అతుక్కుని ఉంది.

తాళం ఆమె ఎర్ర గోళ్ళ వైపు చూశాడు. సీసా వైపు చూశాడు. ల్యాబ్ నిండా నెయిల్ పాలిష్ వాసన, అంటోంది అక్క గొంతు. మొక్కల గురించి ఓనమాలు తెలియని మనిషి ఆకులకి పాలిష్ పూసి నోళ్ళు లెక్కపెడుతోందన్నమాట. లెక్కపెట్టి కూడా తెలియదంటోంది. ఎందుకు?

ఆ వెంటనే రెండో మాట తట్టింది. తట్టగానే ఎండలో నిలబడ్డ మనిషికి వెన్నులో చలి పుట్టింది. మాడిన గిన్నె! అక్క ఉంటే గిన్నె మాడదు. అక్క లేకపోతేనే మాడుతుంది. ఆవులింత అనే జీన్ ఉంటే ఆకు ఆవులించదు. అది లేకపోతేనే ఆవులిస్తుంది. ‘ఉంది’ అని రాసినవి మంచి గింజలు. ‘లేదు’ అని రాసినవి విషం. తను ఇప్పుడు వేలు కదిపితే, దేశం తినే గింజని చంపి, చావుని లారీలకెత్తి, సర్కారు ఖర్చుతో ఊరూరికీ పంపుతాడు. కంచే చేను మేయడమంటే ఇదే.

కానీ ఒక ఇంటి ముచ్చటని నమ్ముకుని, లారీలని వదిలేయడమా? తప్పయితే?

“ఏమైంది? నొక్కండి,” అంది తుమ్మెద.

“ఒక్క నిమిషం.” తాళం మాస్కు కిందకి లాగి, రెండు ట్రేల్లోంచీ చెరో ఆకు తుంచి, అడుగున పాలిష్ పూసి ఊదాడు. ఆ వడగాలికి అది క్షణాల్లో ఆరింది. మీసాలున్న మరో మగాడు ఆకు గోరింటాకులా పట్టుకుని నిలబడ్డాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇంత పిచ్చి పని చేయలేదనుకున్నాడు. పొర గోటితో లేపి, పెన్ను మూత తిప్పి కంటికి పెట్టుకున్నాడు.

పొట్టి మొక్క. ‘ఆవులింత ఉంది’ ట్రే. ఎండకి ఆకు నోళ్ళన్నీ బిగించి మూసుకుని ఉన్నాయి.

పొడుగు మొక్క. ‘ఆవులింత లేదు’ ట్రే. ఒక్కో నోరూ బార్లా తెరుచుకుని ఉంది. అన్నీ తెరుచుకునే ఉన్నాయి. మూత మళ్ళీ పెన్నుకి బిగిస్తూ చూస్తే, కళ్ళు చెదిరిన ఆ పచ్చదనం అప్పుడే ఆకుల అంచుల్లో వడలడం మొదలుపెట్టింది.

పక్కటెముకల్లో ఏదో గుచ్చుకుంది. తుమ్మెద రుమాలు కింద పిస్తోలు.

“తెలివైనవాళ్ళ కుటుంబమే మీది,” అంది మెల్లగా. “రెండోసారి నొక్కు.”

“బావని చంపింది నువ్వేనా?”

“అతను చేసింది చిన్న పనా? మీ అక్క డ్యూటీకి వెళ్ళే దారి ఫోటోలు అతని ముందు పెట్టారు మావాళ్ళు. ‘ఆవులింత ఉన్న డ్రమ్ములేవి?’ అనడిగారు. చూపించాడు. మొహంలో అబద్ధం ఉంటే అక్కడే పట్టేసేవాళ్ళం. లేదు. నేను ఆకు చూసేసరికి డ్రమ్ములకి మీ సర్కారు సీళ్ళు పడిపోయాయి. ఇక వాటిని తాకాలంటే మీ డిపార్ట్‌మెంటుకే సాధ్యం. అందుకే మీ పెద్దాయన చెవిలో ఊదాను.”

“బావ ఏమన్నాడు?”

“కోల్డ్ రూమ్‌లో నిలదీస్తే నవ్వాడు. ‘మీరు అడిగిందే చూపించాను కదండీ’ అన్నాడు. ఆ నవ్వు చూడలేక తలుపేశాను.”

తాళం కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. అబద్ధమాడటం రాని మనిషి, పెళ్ళాం ప్రాణం ఒక పక్క, దేశం తిండి ఒక పక్క పెట్టి అడిగితే, ఉన్న నిజం ఉన్నట్టు చెప్పి రెండింటినీ కాపాడాడు. చెవులు కూడా ఎర్రబడి ఉండవు. అలాంటివాణ్ణి తను నాకేమీ కాడన్నాడు. ఛీ.

గేటు తెరిచారు. మొదటి లారీ కదిలింది.

“నొక్కు!”

“నువ్వే నొక్కుకో,” అని పెన్ను గాల్లోకి విసిరాడు.

ఆమె ఎడంచేత్తో దాన్ని ఒడిసి పట్టి, మరో ఆలోచన లేకుండా బొటనవేలితో నొక్కింది. లారీ ముందు చక్రాలు గేటు దాటాయి. వెనక చక్రాలు దాటాయి. ఏమీ పగల్లేదు. ఆమె మళ్ళీ నొక్కింది, మళ్ళీ మళ్ళీ నొక్కింది. ఎర్ర చుక్క ఎప్పుడో ఆరిపోయి ఉంది.

మూత బిగించేటప్పుడే తాళం బ్యాటరీ ఉన్న రీఫిల్‌ని గుప్పిట్లోకి లాగేసుకున్నాడు. తాళాలు తీసే వేళ్ళకి అదెంత పని! ఆమె కళ్ళు పెన్ను మీద ఉన్న ఆ అరక్షణంలో మణికట్టు విరిచి పిస్తోలు లాక్కున్నాడు.

“రీఫిల్ లేని పెన్ను రాయదు మేడమ్.”

తుమ్మెద పెనుగులాడలేదు. ఒకటొకటిగా గేటు దాటుతున్న లారీలని చూస్తూ నిలబడింది. తర్వాత ఆలోచిస్తున్నదానిలా బొటనవేలు పళ్ళ మధ్య పెట్టుకుంది. ఆ ఎర్ర గోరు సొంతగోరు కాదని తాళానికి అర్థమయ్యేసరికి, గోరు కింద దాచిన విషం నాలుక మీద పడిపోయింది. అరుగుకి ఆనుకుని మెల్లగా జారింది. ఆమె నోరు కొంచెం తెరిచి ఉంది. తాళం దాన్ని మూయాలనుకోలేదు.

అంబులెన్స్‌లో పెద్దాయన అంతా విన్నాడు. లవంగం కొరకడం ఆపేశాడు.

“అంటే ఈ దేశానికి నా చేత్తో నేనే కొరివి పెట్టబోయానన్నమాట.”

“నాతో పెట్టించబోయారు సార్.”

“లోపలి డ్రమ్ములు బాయిలర్లో వేయించాను. కాలుతున్నాయి.” పెద్దాయన కళ్ళద్దాలు తీసి, ఒకటికి రెండుసార్లు తుడుచుకున్నాడు. “మీ అక్కకి పెన్షన్ వస్తుంది. కానీ ఈ కథ బయటికి రాదు. బయటికి మీ బావ గుండె ఆగి పోయినవాడే. పేపర్లో నాలుగు ముక్కలు రాయించడం తప్ప నేనింకేం చెయ్యలేను.”

“అక్కకి చెప్తాను.”

“చెప్పకూడదు. రూల్.”

“చెప్తాను సార్.”

పెద్దాయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. వినపడనట్టే ఉండిపోయాడు.

పొద్దు వాలుతుండగా తాళం అక్క ఇంటికి చేరాడు. తలుపు అలాగే బార్లా తీసి ఉంది. అక్క కుర్చీ కూడా అక్కడే ఉంది. అతను నేల మీద కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా, ఒక్క ముక్క దాచకుండా చెప్పాడు. పొద్దున తను బావని అనుమానించిన సంగతీ చెప్పాడు, ‘నాకేమీ కాడు’ అన్న మాటా చెప్పాడు. అక్క కోప్పడలేదు. అతని తల మీద చెయ్యి వేసింది.

“నవ్వాడా?” అంది.

“నవ్వాడట.”

“చూశావా. నేను చెప్పలా, అబద్ధం చెప్పలేడని.” ఆమె కొంగుతో మొహం తుడుచుకుని వీధి వైపు చూసింది. “ఆయనకి పేరు దొరికిందిరా ఇప్పటికి. తెరిచిన తలుపు. పొద్దున్నుంచీ లేస్తున్నాను, గడియ దాకా వెళ్తున్నాను, వెనక్కి వచ్చేస్తున్నాను. ఇంకా రావాల్సిన మనిషి ఉన్నట్టే ఉంది. నావల్ల కాదుగానీ, నువ్వెళ్ళి వేసెయ్.”

తాళం లేచి గుమ్మం దాకా వెళ్ళాడు. తలుపు దగ్గరికి వేశాడు. పాత ఇత్తడి గడియ. రోజూ ఒకటే చెయ్యి పడి నున్నగా అరిగింది. దాని మీద చెయ్యి పెట్టాడు. అవతల మెట్ల మీద ఎవరో పక్కింటివాళ్ళు ఎక్కుతున్న చప్పుడు. అది ఆగేదాకా ఆగాడు. ఆగాక కూడా గడియ జరపలేకపోయాడు. తలుపు మళ్ళీ బార్లా తీసి, గడప మీద అడ్డంగా కూర్చున్నాడు.

తెరవడమే తప్ప మూయడం చేతకాని ఇలాంటి మనిషికి తాళం అని పేరు పెట్టింది డిపార్ట్‌మెంట్‌లో ఎవరోగానీ, వాడు తప్పకుండా మొక్కల సైంటిస్టే అయ్యుండాలి.